కౌలు రైతుల మీద పరిశోధన చేయాలంటే: సినాప్సిస్ నుంచి థీసిస్ దాకా

యూనివర్సిటీల్లో ఆర్థిక శాస్త్రం, సోషియాలజీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విభాగాలకు వచ్చే సినాప్సిస్‌లలో, అంటే పరిశోధన ప్రతిపాదనల్లో, కౌలు రైతుల అంశం ఏటా కనిపిస్తూనే ఉంటుంది. అంశం మంచిదే. రెండు తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ విధానం ఎక్కడ తడబడుతోందో చూడాలంటే కౌలును మించిన చోటు లేదు. అయితే వాటిలో చాలా థీసిస్‌లు ఒకే మూసలో నడుస్తాయి. రెండు మండలాలు, మూడు వందల మంది రైతులు, కొన్ని శాతాల పట్టికలు, చివర్లో "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" అనే సూచన.

ఇలా జరగడానికి కారణం ఉంది. కౌలు చాలావరకు నోటిమాట మీద నడిచే వ్యవహారం. కాగితం ఉండదు కాబట్టి కౌలుదారు పథకాల జాబితాలో ఉండడు, రెవెన్యూ రికార్డులో ఉండడు, మనం సర్వేకు వెళ్లినప్పుడు ఊరి పెద్దలు చూపించే రైతుల్లోనూ తరచుగా ఉండడు. అతన్ని లెక్కలోకి ఎలా తేవాలన్నదే ఈ పరిశోధనలో అసలు పని. అది సర్వే ఫారం అచ్చు వేయించక ముందే మొదలవుతుంది. ఎం.ఏ. డిసర్టేషన్ రాసేవాళ్లకీ, పీహెచ్‌డీ చేసేవాళ్లకీ ఇద్దరికీ పనికొచ్చేలా ఈ వరుస రాస్తున్నాను. ఎం.ఏ. వాళ్లు ఒక ఊరికి, ఒక సీజన్‌కు కుదించుకుంటే చాలు.

మెట్టు 1: ప్రశ్నను చిన్నది చేయండి

"తెలంగాణలో కౌలు రైతుల సమస్యలు: ఒక అధ్యయనం" అన్నది శీర్షిక మాత్రమే. దానికి జవాబు ఉండదు. ఏది కనిపిస్తే అది రాసుకుంటూ పోవచ్చు, ఎక్కడ ఆపాలో తెలియదు.

ఒక ప్రశ్న పనికొస్తుందో లేదో చూడటానికి నేను వాడే పరీక్ష తేలికైనది. జవాబు "అవును" అయితే ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటి, "కాదు" అయితే చేయాల్సిన పని ఇంకొకటి అయి ఉండాలి. జవాబు ఎలా వచ్చినా సూచన ఒకటే అయితే ఆ ప్రశ్నతో లాభం లేదు. ఉదాహరణకు ఈ మూడు చూడండి:

ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కు పత్రం, అంటే సీసీఆర్‌సీ, చేతికొచ్చిన కౌలుదారుల్లో ఎంతమందికి బ్యాంకు పంట రుణం దొరికింది? దొరకని వాళ్లకు ఏ దశలో ఆగిపోయింది?

ఎకరానికి ఇంత అని భూయజమాని ఖాతాలో పెట్టుబడి సాయం పడటం మొదలయ్యాక తెలంగాణలో కౌలు రేటు తగ్గిందా, పెరిగిందా, కదలలేదా?

కౌలు సాగుకు పెట్టే పెట్టుబడిలో ఇంటి ఆడవాళ్ల పేరు మీద తెచ్చిన డ్వాక్రా అప్పు వాటా ఎంత?

మూడింటిలో ఏదైనా ఒక పూర్తి థీసిస్‌కు సరిపోతుంది. మూడూ కలిపి ఒకే థీసిస్‌లో పెడతానంటే మీ గైడ్ ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అందులో పొలం పనుల సీజన్లు, యూనివర్సిటీ సెలవులు, రిజిస్ట్రేషన్ కాగితాల పరుగులు తీసేస్తే మిగిలేది తక్కువ. ఈ వ్యాసంలో మొదటి ప్రశ్ననే పట్టుకుని ముందుకు వెళ్తాను.

మెట్టు 2: చట్టాన్ని మెట్లుగా విడగొట్టండి

సాహిత్య సమీక్ష పేరుతో వంద వ్యాసాల సారాంశాలు పేర్చే ముందు చట్టాలు చదవండి. విధాన పరిశోధనలో చట్టమే మొదటి ఆధారం. విచిత్రంగా, చాలామంది చదవనిదీ అదే.

తెలంగాణలో కథ 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం దగ్గర మొదలవుతుంది. అది రక్షిత కౌలుదారు అనే హోదా ఇచ్చింది. 38-ఇ సెక్షన్ కింద కొందరికి యాజమాన్య ధ్రువపత్రాలు కూడా వచ్చాయి. ఆంధ్ర ప్రాంతానికి 1956 కౌలుదారీ చట్టం వర్తించింది. కౌలుకిచ్చిన భూమి చేజారిపోతుందేమో అన్న యజమానుల భయానికి వేర్లు ఈ పాత చట్టాల్లో ఉన్నాయి. ఏటా కౌలుదారును మార్చడం, కాగితం రాయకపోవడం, పక్క ఊరివాడికి ఇవ్వడం లాంటివన్నీ ఆ భయం నుంచి పుట్టిన అలవాట్లే.

ఆ భయాన్ని తగ్గించాలని 2011లో ఉమ్మడి రాష్ట్రం లైసెన్స్‌డ్ సాగుదారుల చట్టం తెచ్చింది. దాని కింద కౌలుదారుకు ఏడాది పాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇస్తారు. భూమి మీద ఎలాంటి హక్కూ రాదు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో ఆ కార్డుల జారీ దాదాపు ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి పదకొండు నెలల పత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. ఇందులో ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. చూడటానికి చిన్న మార్పు. మీ పరిశోధన మొత్తం తిరిగేది మాత్రం ఈ ఒక్క సంతకం చుట్టూనే.

ఇప్పుడు ఒక కాగితం మీద మెట్లు రాసుకోండి. కౌలుదారుకు పత్రం గురించి తెలియాలి. యజమానిని అడగాలి. యజమాని సంతకం పెట్టాలి. వీఆర్వో దగ్గర పని జరగాలి. పత్రం చేతికి రావాలి. ఈ-క్రాప్‌లో పంట అతని పేరు మీద నమోదు కావాలి. బ్యాంకులో దరఖాస్తు తీసుకోవాలి. రుణం మంజూరు కావాలి. మొత్తం ఎనిమిది మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా కొందరు రాలిపోతారు. ఎక్కడ ఎంతమంది రాలారో చెప్పగలిగితే ప్రభుత్వానికి పనికొచ్చే జవాబు మీ దగ్గర ఉన్నట్టే. కేవలం "పది మందిలో ఒకరికే రుణం వచ్చింది" అంటే ఎవరు ఏం సరిచేయాలో తెలియదు.

పరిశోధనలోని ఈ రెండో మెట్టులోనే బ్యాంకు నిబంధనలు కూడా చదవాలి. రిజర్వ్ బ్యాంకు కిసాన్ క్రెడిట్ కార్డు మార్గదర్శకాలు కౌలు రైతులను, నోటిమాట కౌలుదారులను, పాలుకు చేసేవాళ్లను అర్హులుగానే చెప్తాయి. మరి బ్రాంచిలో ఎందుకు ఇవ్వరు? అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే భూమి మీద, ఒకే పంటకు రెండో రుణం ఇవ్వడానికి మేనేజరు ముందుకు రాడు. యజమాని సంతకానికి వెనకాడటంలోనూ ఈ లెక్క ఉంటుంది. పత్రం ఇస్తే తన రుణానికి, తనకు వచ్చే సాయానికి అడ్డం వస్తుందని అనుమానం. చట్టం, బ్యాంకు నిబంధన పక్కపక్కన పెట్టి చదివితేనే ఈ ముడి కనిపిస్తుంది. ఒకదాన్నే చదివితే తప్పంతా యజమానిది లేదా తప్పంతా మేనేజరుది అన్న తేలిక నిర్ణయానికి వచ్చేస్తారు.

చట్టాలు, పథకాల పేర్లు, మొత్తాలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి. తెలంగాణలో 2018 మేలో రైతుబంధు పేరుతో ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలైన సాయం తర్వాత 5,000 అయింది. 2025లో రైతు భరోసాగా 6,000 అయింది. మీరు సర్వే చేసిన సీజన్‌లో ఏది అమల్లో ఉందో తేదీతో సహా నోటు పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత థీసిస్ రాసేటప్పుడు అన్నీ కలగాపులగం అవుతాయి.

మెట్టు 3: ఉన్న డేటాను అనుమానంతో చదవండి

సొంత సర్వేకు ముందు ప్రభుత్వ గణాంకాలు చూడాలి. జాతీయ నమూనా సర్వే (ఎన్.ఎస్.ఎస్.) 77వ రౌండ్ 2019లో వ్యవసాయ కుటుంబాల పరిస్థితిని లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలకు అప్పు ఉందని, దేశ సగటు 50.2 శాతమని తేల్చింది. కుటుంబానికి సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు, తెలంగాణలో 1,52,113, దేశంలో 74,121. ఈ అంకెలు ప్రతి థీసిస్ మొదటి అధ్యాయంలోనూ ఉంటాయి. ఆ సర్వే ఎవరిని "వ్యవసాయ కుటుంబం" అన్నదో మాత్రం ఎవరూ రాయరు. ఏడాదికి 4,000 రూపాయల కంటే ఎక్కువ విలువైన పంట లేదా పాడి ఉత్పత్తి ఉండి, ఇంట్లో ఒక్కరైనా సొంత సాగులో ఉంటే చాలు, భూమి ఉండాల్సిన పని లేదు. అంటే సెంటు భూమి లేని కౌలుదారు ఇందులో ఉన్నాడు. అందుకే మీకు ఈ సర్వే ముఖ్యం.

వ్యవసాయ గణన సంగతి వేరు. భూ రికార్డులు ఉన్న రాష్ట్రాల్లో అది ఆ రికార్డుల మీదే ఆధారపడుతుంది. రికార్డులో కౌలు ఉండదు, కాబట్టి గణనలోనూ కౌలు కనిపించదు. ఎన్.ఎస్.ఎస్. వాళ్లు ఇంటికి వెళ్లి అడుగుతారు కాబట్టి అక్కడ ఎక్కువ తేలుతుంది. ఒకే రాష్ట్రానికి రెండు ప్రభుత్వ లెక్కలు ఇంత దూరంగా ఉండటం చూసి కంగారుపడి ఒకదాన్ని వదిలేయకండి. ఆ తేడా ఎందుకొచ్చిందో వివరిస్తే అదే మీ రెండో అధ్యాయం.

ఎన్.ఎస్.ఎస్. యూనిట్ స్థాయి డేటా, అంటే ఒక్కో కుటుంబం జవాబులు విడివిడిగా ఉన్న డేటా, గణాంక మంత్రిత్వ శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది. నివేదికలో లేని పట్టికలు మీరే తయారుచేసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. ప్రతి వరుసకూ ఇచ్చిన వెయిట్ (ఆ కుటుంబం ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే సంఖ్య) వాడకుండా సగటు తీస్తే అంకె తప్పు వస్తుంది. జిల్లా స్థాయిలో నమూనా చాలా చిన్నది కాబట్టి "ఫలానా జిల్లాలో కౌలు ఇంత శాతం" అని ఆ డేటాతో చెప్పకూడదు.

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశ పత్రాలు చాలామందికి తెలియని నిధి. కౌలు రైతులకు ఎంత రుణం లక్ష్యం, ఎంత ఇచ్చారు అన్న పట్టికలు ఆంధ్రప్రదేశ్ కమిటీ అజెండాల్లో ఉంటాయి. మండల స్థాయి అంకెలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. అడిగేటప్పుడు పేర్లు అడగకండి. "ఫలానా ఏడాది మండలంలో గ్రామాల వారీగా వచ్చిన దరఖాస్తులు, ఇచ్చిన పత్రాలు, తిరస్కరించినవి" అని సంఖ్యలు మాత్రమే అడిగితే తిరస్కరించడానికి వాళ్లకు సాకు దొరకదు. సర్వేకు ఆరు నెలల ముందే పెట్టండి.

ఇంకో తలనొప్పి జిల్లాలు. తెలంగాణ 10 జిల్లాల నుంచి 2016లో 31కి, 2019లో 33కి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26కి మారింది. పాత తూర్పు గోదావరి అంకెను ఇప్పటి తూర్పు గోదావరి అంకెతో పోల్చి "తగ్గుముఖం పట్టింది" అని రాసిన వ్యాసాలు ఉన్నాయి! మండలాన్ని ఆధారంగా తీసుకుని మీరే పాత జిల్లాలు కట్టుకోవాలి. విసుగైన పని, అయినా తప్పదు.

మెట్టు 4: ఊరిని ఎంచుకోవడం, ఇంటింటి జాబితా వేయడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ.

మొదట ఊళ్లు. గోదావరి డెల్టాలో వరి కౌలు, గుంటూరు వైపు మిర్చి కౌలు, వరంగల్ వైపు పత్తి కౌలు ఒకే రకం కావు. డెల్టాలో కౌలు బస్తాల్లో మాట్లాడుకుంటారు. మిర్చికి, పత్తికి ఎక్కువగా ముందే నగదు చెల్లించాలి. పంట పోతే బస్తాల కౌలులో కొంత బేరానికి చోటుంటుంది, ముందే కట్టిన డబ్బు వెనక్కి రాదు. అందుకని పంటను బట్టి, నీటి వసతిని బట్టి ఊళ్లను గుంపులు చేసుకుని, ప్రతి గుంపు నుంచి లాటరీ పద్ధతిలో తీయండి. బంధువులున్న ఊరు సౌకర్యంగానే ఉంటుంది. కానీ మీ బంధువులు భూయజమానులైతే కౌలుదారు మీకు నిజం చెప్పడు.

ఊళ్ల జాబితాకు 2011 జనగణన ఇప్పటికీ వాడొచ్చు. ఊళ్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి మాత్రం పనికిరాదు, పాతబడిపోయింది. రైతు సేవా కేంద్రం దగ్గరున్న జాబితా నుంచి నమూనా తీస్తే అందులో పత్రం ఉన్నవాళ్లే దొరుకుతారు. పత్రం లేనివాళ్ల గురించి తెలుసుకోవడానికి పత్రం ఉన్నవాళ్ల జాబితా వాడినట్టు అవుతుంది.

కాబట్టి ఇంటింటి జాబితా మీరే వేయాలి. ఊరు పెద్దదైతే రెండు మూడు వాడలు లాటరీలో తీసి వాటిలో ప్రతి ఇల్లూ తిరగండి. ఇంటికి ఐదు నిమిషాలు, నాలుగే ప్రశ్నలు: ఈ సీజన్‌లో సాగు చేశారా, సొంత భూమి ఎంత, ఇతరుల భూమి ఎంత దున్నుతున్నారు, మీ భూమి ఇంకెవరికైనా ఇచ్చారా. ఎస్సీ వాడ, బీసీ వాడ, ఊరి చివర గుడిసెలు ఏవీ వదలకూడదు. భూమిలేని కౌలుదారులు ఎక్కువగా కనిపించేది అక్కడే.

జాబితా పూర్తయ్యాక ఒక లెక్క చూడండి. కౌలుకు తీసుకున్నామన్న ఎకరాలు, కౌలుకు ఇచ్చామన్న ఎకరాలు ఎప్పుడూ సరిపోవు. ఇచ్చామన్నది బాగా తక్కువగా తేలుతుంది. ఊళ్లో ఉండే యజమానులు కొందరు చెప్పరు. మిగతావాళ్లు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. వాళ్ల పొలం వ్యవహారం తమ్ముడో, పాత పాలేరో చూస్తుంటాడు. సంతకం కావాల్సినప్పుడు ఈ దూరం ఎంత అడ్డమో మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన సంగతి. యజమాని ఎక్కడ ఉంటాడన్నది ప్రతి చెక్కకూ, అంటే ప్రతి పొలం ముక్కకూ, నమోదు చేయండి.

ఇక నమూనా ఎంత? అందరి థీసిస్‌లోనూ 384 అనే అంకె ఉంటుంది. 95 శాతం నమ్మకంతో, ఐదు శాతం అటూ ఇటూ పొరపాటుతో ఒక నిష్పత్తిని అంచనా వేయడానికి వచ్చే సంఖ్య అది. రాష్ట్రమంతటా చెల్లాచెదురుగా లాటరీ తీస్తేనే అది చెల్లుతుంది. ఒక్కో ఊళ్లో ఇరవై మందిని తీసుకుంటే ఆ ఇరవై మందీ ఒకే బ్యాంకు బ్రాంచి, ఒకే వీఆర్వో కింద ఉన్నవాళ్లు, జవాబులు కొంతవరకు ఒకేలా ఉంటాయి. ఆ పోలిక (0 అంటే అసలు లేదు, 1 అంటే అందరిదీ ఒకే జవాబు) 0.05 అనుకుంటే, ఇరవైలో ఒకటి తీసేసి, 1 + (19 × 0.05) = 1.95. అంటే 384ను 1.95తో హెచ్చించాలి, దాదాపు 750 మంది. అంత మందిని కలవలేకపోతే ఊళ్లు పెంచి ఒక్కో ఊళ్లో మనుషులను తగ్గించండి. ఊరికి పది మంది చొప్పున తీస్తే అదే లెక్క 1.45కు దిగుతుంది, 560 మంది దాకా సరిపోతారు. అదీ కుదరకపోతే నమూనా చిన్నదని, పొరపాటు అంచు పెద్దదని థీసిస్‌లో నిజాయితీగా రాయండి. అది రాసిన విద్యార్థిని ఏ ఎగ్జామినరూ ఫెయిల్ చేయడు.

మెట్టు 5: ప్రశ్నావళి ఊరి మాటల్లో ఉండాలి

"మీరు కౌలు రైతా?" అని అడగొద్దు. రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు ఉన్న మనిషి "నేను రైతునే" అంటాడు. చెక్కల వారీగా అడగండి. ఈ సీజన్‌లో దున్నిన చెక్కలు ఎన్ని, ఒక్కోటి ఎంత, ఎవరి పేరు మీద, కౌలు ఎంత, ఎప్పుడు కట్టారు, కాగితం ఉందా. కౌలా కాదా అన్నది మీ పట్టికలో మీరు తేల్చుకోవాలి.

తెలంగాణలో వానాకాలం, యాసంగి. గోదావరి జిల్లాల్లో సార్వా, దాళ్వా. తెలంగాణలో కుంటలు, ఎకరానికి నలభై. ఆంధ్రలో సెంట్లు, ఎకరానికి వంద. "ముప్పై" అని రాసుకుని యూనిట్ రాయకపోతే ముప్పావు ఎకరమో, ఎకరంలో మూడో వంతు కంటే తక్కువో తెలియదు. వరి బస్తా డెల్టాలో 75 కిలోలు, వేరే చోట వేరేలా ఉండొచ్చు, ప్రతి ఊళ్లో అడిగి రాసుకోండి. వడ్డీ "నూటికి రెండు" అంటే నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు వడ్డీ ఏడాది లెక్కలో, బయటి వడ్డీ నెల లెక్కలో చెప్తారు. ఫారంలో రెండు గడులు విడిగా ఉండాలి.

అప్పుల భాగాన్ని జాగ్రత్తగా తయారుచేయండి. "బ్యాంకు అప్పు ఉందా" అంటే "ఉంది" అంటారు. విప్పి చూస్తే అది భార్య బంగారం తాకట్టు పెట్టి తెచ్చినది. బ్యాంకు లెక్కలో అది వ్యవసాయ రుణంగానే కనిపించవచ్చు. కౌలు పత్రంతో దానికి సంబంధం లేదు. డ్వాక్రా సంఘం అప్పు, ఎరువుల షాపు ఖాతా, మార్కెట్ యార్డు కమీషన్ ఏజెంటు ఇచ్చిన అడ్వాన్సు, చుట్టాల చేబదులు ఇవన్నీ విడివిడిగా అడగండి. ఎరువుల షాపు ఖాతాకు వడ్డీ లేదంటారు. ధరలోనే వడ్డీ కలిపి ఉంటుంది. నగదు ధర ఎంత, అరువు ధర ఎంత అని అడిగితే బయటపడుతుంది.

ఇంట్లో ఆడవాళ్లతో విడిగా మాట్లాడటం చాలా అవసరం. డ్వాక్రా వాయిదాలు, బంగారం, వంటింటి ఖర్చు కోత వాళ్లకే తెలుసు. మగవాళ్లు అరుగు మీద చెప్పిన అప్పు మొత్తానికీ, ఆడవాళ్లు చెప్పేదానికీ తేడా వస్తుంది. సర్వే బృందంలో మహిళలు లేకపోతే ఈ భాగం జరగదు.

ఫారం సిద్ధమయ్యాక నమూనాలో లేని ఊళ్లో పాతిక మందితో పైలట్ చేయండి. గంట దాటితే జవాబులు "ఆఁ, అలాగే రాసుకోండి" అనే స్థాయికి పడిపోతాయి. నలభై నిమిషాలకు కుదించండి.

మెట్టు 6: అనుమతి, రహస్యం

కౌలుదారు మీతో మాట్లాడినందుకు వచ్చే ఏడాది పొలం పోగొట్టుకోకూడదు. ఎథిక్స్ కమిటీ కాగితాలకన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. యజమాని పేరు రాయొద్దు, సంబంధం మాత్రం రాయండి: బంధువు, అదే ఊరివాడు, బయట ఉండేవాడు. సర్వే నంబరు అసలు రాయొద్దు. మనిషికి కోడ్ ఇచ్చి, పేర్ల జాబితాను వేరే చోట తాళం వేసి పెట్టండి.

సమ్మతి పత్రం తెలుగులో, చదివి వినిపించేలా, సగం పేజీలో ఉండాలి. పథకం వస్తుందని ఆశ పెట్టకండి. "సార్, మా పేరు రాసుకున్నారుగా, కార్డు ఎప్పుడొస్తుంది" అని అడుగుతారు. మేము సర్కారు మనుషులం కాదని మొదటే, స్పష్టంగా, రెండుసార్లు చెప్పండి. వీఆర్వోతోనో, సర్పంచుతోనో కలిసి ఇళ్లకు వెళ్లకండి. ఊళ్లో సర్వే చేస్తున్నామని సమాచారం ఇవ్వడం మర్యాద, వెంటబెట్టుకుని తిరగడం వేరు. యజమాని ఇంటి అరుగు మీద కూర్చుని కౌలుదారును పిలిపించుకోవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

ఆత్మహత్య జరిగిన కుటుంబాలు మీ నమూనాలో రావచ్చు. పరిహారం జీవోల ప్రకారం, అంటే ఉమ్మడి రాష్ట్రంలో 2004 నాటి 421, తెలంగాణలో 2015 నాటి 194 ప్రకారం, విచారణ కమిటీ కాగితాలు అడుగుతుంది. కౌలు కాగితం లేక పరిహారం రాని ఇళ్లు ఉంటాయి. మీ ప్రశ్నకు అవసరం లేకపోతే ఆ సంఘటన గురించి అడగకండి. వాళ్లే చెప్తే వినండి, ఫారం పక్కన పెట్టండి.

మెట్టు 7: ఫీల్డులో

పంట చేతికొచ్చి అమ్మకాలు అయ్యాక, తర్వాతి సీజన్ పనులు అందుకోకముందు వెళ్లండి. నాట్ల సమయంలో ఎవరికీ తీరిక ఉండదు. ఖర్చులు, దిగుబడి అమ్మకాలు అయిన కొత్తలోనే బాగా గుర్తుంటాయి. ఉదయం పొలానికి వెళ్లకముందు, సాయంత్రం ఏడు తర్వాత దొరుకుతారు.

ఆ రోజు ఫారాలు ఆ రాత్రే చూడాలి. ఎకరాలు, బస్తాలు, రూపాయలు పొంతన కుదరకపోతే మర్నాడే వెళ్లి అడగొచ్చు. నెల తర్వాత అడగలేరు. ఫోన్ యాప్‌లో నింపినా సరే, పక్కన ఒక నోటుబుక్కు ఉంచుకోండి. "సంతకం పెట్టమంటే మా బావ నవ్వి ఊరుకున్నాడు" లాంటి మాటకు యాప్‌లో గడి ఉండదు. ఎనిమిది మెట్లలో మూడో మెట్టు దగ్గర జనం ఎందుకు ఆగారో చెప్పేది ఆ మాటే.

సర్వేతో పాటు ఇరవై దాకా లోతైన సంభాషణలు చేయండి. అందులో కౌలుదారులే కాక యజమానులు, వీఆర్వోలు, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్లు ఉండాలి. యజమానిని విలన్‌గా ఊహించుకుని వెళ్తే ఏమీ చెప్పడు. అందులో చాలామంది రెండు మూడు ఎకరాల చిన్న రైతులు. వయసు మీరిపోయి, పిల్లలు ఊళ్లో లేక కౌలుకు ఇచ్చినవాళ్లు. వాళ్ల భయానికీ కారణాలు ఉన్నాయి.

మెట్టు 8: విశ్లేషణలో ఒక ఉచ్చు

పత్రం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రుణం వచ్చింది, లేనివాళ్లలో తక్కువమందికి వచ్చింది, కాబట్టి పత్రం పనిచేస్తోంది: ఇలా రాయాలనిపిస్తుంది. ఆగండి. పత్రం ఎవరికి వచ్చింది? యజమాని సంతకం పెట్టినవాళ్లకు. యజమాని ఎవరికి పెడతాడు? అన్నదమ్ముడికి, బావమరిదికి, పదేళ్లుగా చేస్తున్న నమ్మకస్తుడికి. వీళ్లకు కొంత సొంత భూమి, బ్యాంకులో పరిచయం ముందే ఉండొచ్చు. పత్రం లేకపోయినా రుణం వచ్చేదేమో. కొన్నిచోట్ల అసలు కౌలుదారే కానివాళ్లు ఇంటి మనుషుల పేర్లతో పత్రం తీసుకోవడమూ జరుగుతుంది. మీ చెక్కల వారీ వివరాల్లో అది తేలుతుంది.

దీనికి పూర్తి మందు లేదు గానీ కొన్ని దారులున్నాయి. సొంత భూమి, కులం, యజమానితో బంధుత్వం ఒకేలా ఉన్నవాళ్లను జతలుగా పెట్టి పోల్చండి. పత్రం రాకముందు ఏడాది రుణం ఉందా అని అడిగి పెట్టుకుంటే, ముందూ తర్వాతా తేడా చూడొచ్చు. ఇంకో ఆసక్తికరమైన దారి సరిహద్దు. ఖమ్మం జిల్లా మధిర వైపు ఊళ్లూ, పక్కనే ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ నేల, పంట, మాట, చుట్టరికాల్లో దగ్గర. 2011 నాటి లైసెన్స్‌డ్ సాగుదారుల చట్టమూ రెండు వైపులా ఒకటే. అటువైపు పత్రం ఉంది, ఇటువైపు లేదు. ఇతర పథకాల్లోనూ తేడాలున్నాయి కాబట్టి అంతా పత్రం మహిమే అనలేం, అయినా మంచి పోలిక.

సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకండి. ఉచితంగా దొరికే ఆర్ (R) సరిపోతుంది. అసలు మీ ముఖ్యమైన పట్టిక ఎనిమిది మెట్లు, ఒక్కో మెట్టు దగ్గర మిగిలినవాళ్ల సంఖ్య. దానికి ఎక్సెల్ చాలు. కై-స్క్వేర్ పట్టికలు ఇరవై పెట్టినంత మాత్రాన బలం రాదు. కులం, లింగం, భూమిలేనితనం ప్రకారం ఆ ఒక్క పట్టికనే విడగొట్టి చూపించండి.

మెట్టు 9: రాయడం, తిరిగి ఇవ్వడం

2018 యూజీసీ నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి. చట్టం వివరాలు, పథకం వివరాలు రాసేటప్పుడే జీవో భాష యథాతథంగా దిగిపోతుంది. చదివి, పుస్తకం మూసి, మీ మాటల్లో రాయండి. వ్యాసం ప్రచురణకు పంపేటప్పుడు డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికల జోలికి వెళ్లకండి. యూజీసీ-కేర్ జాబితా 2025లో ఎత్తేశాక మంచి చెడులు చూసుకునే బాధ్యత విద్యార్థి మీద, గైడ్ మీద పడింది. సంపాదక వర్గంలో ఎవరున్నారు, పాత సంచికల్లో ఏం వచ్చాయి అని చూస్తే సగం తెలిసిపోతుంది.

థీసిస్‌తో పాటు రెండు చిన్న పత్రాలు తయారుచేయండి. ఒకటి అధికారులకు, రెండు పేజీలు: ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగారు, ఆ మెట్టు ఏ శాఖ చేతిలో ఉంది, ఏ నిబంధన మార్చాలి. వ్యవసాయ శాఖకూ, బ్యాంకర్ల కమిటీ కన్వీనరుకూ పంపండి. "అవగాహన కల్పించాలి" అనే సూచన రాయకండి, మీ డేటాలో మొదటి మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోయి ఉంటే తప్ప. ఇంకోటి ఊరివాళ్లకు, తెలుగులో, ఒక పేజీ. ఊరు పేరు లేకుండా, మండలం మొత్తం మీద తేలిన సంగతులు. రైతు సంఘాల వాళ్లు దాన్ని మీకన్నా బాగా వాడుకుంటారు.

వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, బయటి ఎగ్జామినర్ దాదాపు తప్పకుండా అడిగే ప్రశ్నలు మూడు: ఈ కౌలుదారుల జాబితా మీకు ఎక్కడిది? యజమానులతో మాట్లాడారా? పత్రం లేకపోయినా వాళ్లకు రుణం వచ్చేది కాదని ఎలా చెప్పగలరు? ఇంటింటి జాబితా ఫారం ఖాళీ ప్రతి ఒకటి, మెట్ల పట్టిక ఒకటి ఆ రోజు చేతిలో ఉంచుకోండి.